ముప్పై దాకా వయొలేషన్లు ఉన్న బిల్డింగ్‌లో ఇల్లు తీసుకోవచ్చా? (న్యూయార్క్, క్వీన్స్)

లత_క్వీన్స్
జాక్సన్ హైట్స్‌లో ఒక ఆరంతస్తుల పాత బిల్డింగ్‌లో వన్ బెడ్‌రూమ్ చూశాం. ఇల్లు నచ్చింది, ట్రైన్ కూడా దగ్గరే. సంతకం పెట్టేముందు సిటీ హౌసింగ్ డిపార్ట్‌మెంట్ (హెచ్‌పీడీ) సైట్‌లో అడ్రస్ కొడితే ముప్పై దాకా ఓపెన్ వయొలేషన్లు (సిటీ రాసిన, ఇంకా మూసేయని హౌసింగ్ రూల్స్ ఉల్లంఘనలు) కనిపించాయి. ఎక్కువ బి క్లాసు, కొన్ని సి క్లాసు. బ్రోకర్‌ని అడిగితే పాత బిల్డింగులన్నీ ఇంతేనని కొట్టిపారేశాడు. మా వారికి ఒకటే టెన్షన్. రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి. తీసుకోమంటారా?

లెక్కల_మాస్టారు
సి క్లాసు ఓపెన్‌గా ఉంటే వద్దంటాను. ఎ అంటే పెద్ద ప్రమాదం లేనిది, ఓనర్‌కి 90 రోజుల గడువు. బి ప్రమాదకరం, 30 రోజులు. సి అంటే తక్షణ ప్రమాదం, చాలావాటికి 24 గంటలే. చలికాలంలో హీట్ రాకపోవడం, వేడినీళ్లు లేకపోవడం, పసిపిల్లలున్న ఇంట్లో సీసం కలిసిన పెయింట్ ఊడటం, ఇవన్నీ సి. అలాంటివే పట్టించుకోనివాడు రేపు మీ సింక్ కారుతుంటే వస్తాడా?

క్వీన్స్_ఓనర్
మాస్టారూ, ఓపెన్ అని ఉంటే రిపేరు చేయలేదని కాదు. చేశాక పని అయిందని ఓనర్ సిటీకి సర్టిఫై చేయాలి. చేయకపోతే పని పూర్తయినా ఏళ్ల తరబడి ఓపెన్ అనే చూపిస్తుంది. పాత ఓనర్ నాటివి కూడా బిల్డింగ్ కొన్నవాడి నెత్తికే వస్తాయి. లత గారూ, తేదీలు చూశారా? అరవై ఫ్లాట్లున్న బిల్డింగ్‌కి ముప్పై అంటే అసలు ఎక్కువే కాదు.

లెక్కల_మాస్టారు
రిపేరు చేయించే ఓపిక ఉన్నవాడికి ఒక ఫారం నింపే ఓపిక లేదా?

ఒక్కమాట
అడ్రస్ పెట్టండి, మేమూ చూస్తాం.

లత_క్వీన్స్
అడ్రస్ ఇక్కడ పెట్టలేనండీ. తేదీలు చూశాను, చాలావరకు పోయిన చలికాలానివే. సి క్లాసువాటిలో సగం, ఫ్లాటు తలుపు తనంతట తాను మూసుకోవట్లేదని.

క్వీన్స్_ఓనర్
అదీ సంగతి! తలుపు మూసుకోకపోతే తక్షణ ప్రమాదమట. చేత్తో తోస్తే అరిగిపోతారా? ఇలాంటివన్నీ లెక్కేసి ఓనర్లని దొంగల్లా చూపిస్తారు.

లెక్కల_మాస్టారు
2022 జనవరి 9న బ్రాంక్స్‌లో ట్విన్ పార్క్స్ బిల్డింగ్‌లో జరిగింది మరిచిపోయారా? 17 మంది పోయారు. మంట అంటుకుంది ఒక్క ఫ్లాట్‌లోనే. వాళ్లు బయటికి పరిగెత్తాక తలుపు మూసుకోలేదు, పొగ మెట్ల దారి పట్టి పైఅంతస్తులకి పాకింది. చనిపోయినవాళ్లని చంపింది ఆ పొగే. పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తేవాళ్లు వెనక్కి తిరిగి తలుపు తోయరు సార్, అందుకే అది సి క్లాసు.

క్వీన్స్_ఓనర్
మంట స్పేస్ హీటర్ వల్ల వచ్చింది, తలుపు వల్ల కాదు. టెనెంట్లే తలుపు కింద చెప్పు అడ్డం పెడతారు, స్ప్రింగు ఊడదీస్తారు. కళ్లారా చూశాను. దానికి కూడా ఓనరే బాధ్యుడా?

లెక్కల_మాస్టారు
స్పేస్ హీటర్ సరదాకి ఎవరూ పెట్టుకోరు. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా హీట్ ఇవ్వాలి. పగలు బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే లోపల 68 ఉండాలి. రాత్రిళ్లు బయట ఎంతున్నా లోపల 62. అది సరిగ్గా ఇస్తే హీటర్ ఎందుకు కొంటారు?

క్వీన్స్_ఓనర్
నేను తలుపు గురించి అడిగితే మీరు హీట్ గురించి చెప్తున్నారు.

జెర్సీ_బాబు
మాది జెర్సీ సిటీ. ఆ సైట్‌లో మా అడ్రస్ కొడితే ఏమీ రావట్లేదు. అంటే మా బిల్డింగ్ క్లీన్ అన్నట్టేనా?

ఒక్కమాట
హడ్సన్ నది దాటితే వేరే రాష్ట్రం, అక్కడ హెచ్‌పీడీ లేదు బాబూ.

విజయ_బి
జెర్సీ బాబు నవ్వులాటకి అన్నారో నిజంగా అడిగారో గానీ, అసలు విషయం అదే. ఏమీ రాకపోతే క్లీన్ అనుకోవడం. టెనెంట్ 311కి (సిటీ ఫిర్యాదుల నంబర్) ఫోన్ చేస్తే అది కంప్లైంట్. ఇన్‌స్పెక్టర్ వచ్చి కళ్లతో చూసి రాస్తేనే వయొలేషన్. ఆయన వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేకపోతే కంప్లైంట్ అలాగే మూసేస్తారు. ఇక ఫోన్ చేసేవాళ్లే లేని ఇంటికి రికార్డు ఎక్కడిది?

మేం వచ్చిన కొత్తలో ఒక తెలుగువాళ్ల ఇంట్లో బేస్‌మెంట్‌లో ఉన్నాం. ఓనర్లు పైన ఉండేవాళ్లు. కిటికీ అంటే గోడ పైఅంచున ఒక గాజు పలక, తెరుచుకోదు. బాత్రూమ్ సీలింగ్‌లో ఒక మూల మాత్రమే తెల్లగా కొత్త పెయింట్, వాన పడిన మర్నాడు ఆ తెలుపులోంచి పచ్చటి మచ్చ పైకి తేలేది. హీట్ అడిగితే "మనవాళ్లు కదమ్మా, సర్దుకోండి" అనేవాళ్లు. ఆ ఇంటికి ఆన్‌లైన్‌లో ఒక్క వయొలేషన్ లేదు. ఎందుకుంటుంది? వీసా మీద ఉన్నవాళ్లం, లీజు కాగితం లేదు, అద్దె క్యాష్. 311 వాళ్లు వీసా అడగరని అప్పుడు మాకు చెప్పినవాళ్లు లేరు.

క్వీన్స్_ఓనర్
మరి ఎవరు ఉండమన్నారమ్మా? క్రెడిట్ హిస్టరీ లేని కొత్తవాళ్లకి ఆ బిల్డింగులవాళ్లు ఎవరైనా ఇల్లిచ్చేవాళ్లా? మనవాళ్లే కదా ఇచ్చింది. ఉన్నన్నాళ్లు ఉండి, ఇప్పుడు ఇలా రాస్తే ఇంకెవరు ఇస్తారు? నా కింద ఉన్న కుర్రాడు నాలుగు నెలలు అద్దె ఎగ్గొట్టి, అడిగితే 311కి ఫోన్ చేశాడు. ఇన్‌స్పెక్టర్ నా ఇంటికి వచ్చాడు. ఆ రికార్డు చూసి మీలాంటి వాళ్లు నన్ను చెడ్డవాడంటారు.

విజయ_బి
నేను మిమ్మల్ని అనలేదు. భుజాలు ఎందుకు తడుముకుంటున్నారు?

లెక్కల_మాస్టారు
అయితే మీది బేస్‌మెంటేనా? సర్టిఫికేట్ ఆఫ్ ఆక్యుపెన్సీలో (ఇంట్లో ఏ భాగంలో నివాసం ఉండొచ్చో సిటీ ఇచ్చే కాగితం) ఉందా అది?

క్వీన్స్_ఓనర్
అది మీకెందుకు?

లెక్కల_మాస్టారు
2021 సెప్టెంబర్‌లో ఐడా తుఫానుకి ఈ ఊళ్లో పోయినవాళ్లలో ఎక్కువమంది బేస్‌మెంట్లలో ఉన్నవాళ్లే, అదీ ఎక్కువగా క్వీన్స్‌లోనే. అందుకు.

క్వీన్స్_ఓనర్
ఇల్లు కొనడానికి పన్నెండేళ్లు రెండు ఉద్యోగాలు చేశాను. నమ్మి ఇల్లిచ్చినవాడి చరిత్ర తవ్వడం మన పద్ధతి కాదు. ఏదైనా ఉంటే పైకొచ్చి చెప్పొచ్చు, సిటీకి ఎక్కాల్సిన పని లేదు.

విజయ_బి
ఇప్పుడు బయటపడింది. లత గారి తలుపుల గురించి కాదు మీ బాధ. మీరు మా పే స్టబ్ చూస్తారు, బ్యాంక్ స్టేట్‌మెంట్ చూస్తారు, క్రెడిట్ స్కోరు లాగుతారు. దాన్ని జాగ్రత్త అంటారు. మేం మీ బిల్డింగ్ రికార్డు చూస్తే నమ్మకం లేనట్టా? పైకొచ్చి చెప్పమంటున్నారు, మా ఓనర్లకి చెప్పాం. నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. కంప్లైంట్ ఇచ్చిన ఏడాదిలోపు ఓనర్ ఖాళీ చేయించబోతే అది కక్ష సాధింపు కాదని ఆయనే రుజువు చేసుకోవాలని న్యూయార్క్ రాష్ట్ర చట్టం ఉంది. కానీ ఓనర్ తానే ఉంటున్న, నాలుగు వాటాల కంటే తక్కువున్న ఇళ్లకి అది వర్తించదు. సరిగ్గా మనవాళ్లు మనవాళ్లకి ఇచ్చే ఇళ్లు.

క్వీన్స్_ఓనర్
అన్ని చట్టాలు తెలిసినవాళ్లు సొంతిల్లు కొనుక్కోండి.

ఒక్కమాట
పాపం, ఆవిడ అడిగింది రేపు సాయంత్రం లోపల ఏం చెప్పాలని.

లెక్కల_మాస్టారు
లత గారూ, మీ ఫ్లాట్ నంబర్ మీదే ఏమైనా ఉన్నాయేమో విడిగా చూడండి. బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్ సైట్ వేరు, లిఫ్ట్, అక్రమ కట్టడాల గొడవలు అక్కడుంటాయి. ఇంటికి వెళ్లినప్పుడు తలుపు బార్లా తీసి వదిలేయండి, గడియ పడే దాకా తనే వెళ్లాలి. నల్లుల ఫారం అడగండి. గత ఏడాదిలో బిల్డింగ్‌లో నల్లులు వచ్చాయో లేదో లీజుతో పాటు ఓనర్ రాసివ్వాల్సిందే.

లత_క్వీన్స్
అందరికీ థాంక్స్. పొద్దున వెళ్లొచ్చాం. మా ఫ్లాట్ తలుపు సగంలో ఆగిపోయింది. బ్రోకర్ పక్కనే ఉండి కాలితో తోశాడు. నల్లుల ఫారం అడిగితే సంతకం రోజు ఇస్తామన్నారు. లాబీలో ఒక పెద్దావిడ మాత్రం ఇక్కడ టెనెంట్లందరూ కలిసి కంప్లైంట్లు పెడతారనీ, అందుకే ఈ ఏడాది బాయిలర్ మార్చారనీ చెప్పింది. తలుపు బాగుచేసి, ఫారం చేతికిస్తేనే సంతకం పెడతామని ఈమెయిల్ పంపాను. ఇంకా జవాబు రాలేదు.

క్వీన్స్_ఓనర్
ఈలోపు వేరేవాళ్లు తీసుకుంటారు, చూస్తూ ఉండండి.

విజయ_బి
తీసుకోనివ్వండి.