వైఫైలో సైట్ బాగుంది, ఫోన్ డేటాలో మాత్రం పాత సర్టిఫికెట్ వస్తోంది

అనంతపురంలో మా చీనీకాయల మండీ ధరలు పెట్టే సైట్ ఇది. సర్వర్ ఉబుంటు 22.04, వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌జిన్‌ఎక్స్, సైట్ భద్రతకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల ఉచిత సర్టిఫికెట్. మొన్న సర్ట్‌బాట్‌తో (ఆ సర్టిఫికెట్ తెచ్చిపెట్టే టూల్) రెన్యూ చేస్తే ఎర్రర్ లేకుండా అయింది. 'సర్ట్‌బాట్ సర్టిఫికెట్స్' కొడితే ఇంకా 80 రోజులకు పైనే గడువుంది.

ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్‌లో అంతా సవ్యంగానే ఉంది. అదే ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాకు మారితే చాలు, క్రోమ్ 'డేట్ ఇన్‌వాలిడ్' అంటుంది. సర్టిఫికెట్ తెరిచి చూస్తే గడువు తీరిన పాతదే. రైతులు చూసేదంతా ఫోన్ డేటాలోనే, కాబట్టి ఆఫీసులో బాగుండి లాభం లేదు.

ఎన్‌జిన్‌ఎక్స్ రీలోడ్, రీస్టార్ట్, సర్వర్ రీబూట్ అన్నీ అయ్యాయి. ఇన్‌కాగ్నిటోలోనూ, వేరే ఫోన్లలోనూ అదే వరస. సర్వర్‌కు ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి మధ్యవర్తి సర్వీసేదీ లేదు. సర్వర్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ ఎస్_క్లయింట్ (సైట్‌కు కనెక్టయి సర్టిఫికెట్ చూపే కమాండ్) తో చూశాను: -4 పెడితే, అంటే పాత రకం ఐపీవీ4 అడ్రస్‌తో, కొత్త తేదీ; -6 పెడితే, అంటే కొత్త రకం ఐపీవీ6 అడ్రస్‌తో, పాత తేదీ! డీఎన్ఎస్‌లో ఏ (ఐపీవీ4), క్వాడ్ ఏ (ఐపీవీ6) రికార్డులు రెండూ ఈ సర్వర్‌వే, సరిచూశాను.

సైట్ కాన్ఫిగ్‌లో 'లిజన్ 443 ఎస్ఎస్ఎల్' ఒక్కటే ఉంది, అది ఐపీవీ4కే. ఐపీవీ6కు విడిగా లైను లేదు. మరి ఐపీవీ6లో పాత సర్టిఫికెట్ ఇస్తున్న సర్వర్ బ్లాక్ (ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో ఒక సైట్ సెట్టింగులుండే భాగం) ఏ ఫైల్‌లో ఉందో కనిపెట్టేదెట్లా?