పాత కేసు ఉంటే అమెరికా వీసా ఫారంలో ఏం రాయాలి?

కొత్తగా టొరంటో వచ్చిన తమ్ముడు, ఊరు పొద్దుటూరు దగ్గర:

అందరికీ నమస్కారం. నేను సెప్టెంబరులో చదువుకోడానికి వచ్చాను. డాలస్‌లో మా అత్త కూతురి పెళ్లి ఉంది, అమెరికా విజిటర్ వీసాకు అప్లై చేయాలి. 2019లో మా ఊర్లో చేని గట్టు తగాదా జరిగితే మా నాయనతో పాటు నా పేరూ కేసులో రాయించారు. ఐపీసీ 341 (దారి అడ్డగించడం), 323 (కొట్టడం), 506 (బెదిరించడం) సెక్షన్లు. చార్జిషీట్ వేశారు, తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఫారంలో ‘నో’ పెట్టెయ్, ఎవరికీ తెలీదు అంటున్నారు రూమ్‌మేట్స్. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

కడప అన్న, మిసిసాగా:

తమ్ముడూ, ముందు ఆ భయం తీసేయ్. మన వైపు రెండిళ్లకు గొడవైతే ముసలాయన నుంచి డిగ్రీ చదివే పిల్లోడి దాకా అందరి పేర్లూ కంప్లయింట్‌లోకి ఎక్కుతాయి. అలా ఇరుక్కున్నవాళ్లు ఇక్కడా ఉన్నారు, బాగానే బతుకుతున్నారు. కోర్టులో రాజీ పడిన కేసు నిర్దోషిగా విడుదలైనదానితో సమానం, పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 320(8) చెప్పేది అదే. నీకు శిక్ష పడలేదు. ఆ కేసు ఒక్కదానివల్లే వీసా రాదనుకోవద్దు.

దెబ్బ కొట్టేది అబద్ధం. ముఖ్యమైన విషయం దాచి దొరికితే అమెరికాలో జీవితాంతం వెంటాడే నిషేధం ఉంది. కెనడాలో 5 ఏళ్లు, బ్రిటన్‌లో మోసం అని తేలితే 10 ఏళ్లు. అమెరికా, కెనడా వీసా సమాచారం పంచుకుంటాయి. ‘ఎవరికీ తెలీదు’ అన్న ధైర్యం మీద నీ చదువంతా పణంగా పెట్టొద్దు.

ఇప్పుడు ప్రశ్నను అక్షరం అక్షరం చదువు. అమెరికా డీఎస్-160 ఫారం అడిగేది ఎప్పుడైనా అరెస్టయ్యావా, శిక్ష పడిందా అని. క్షమాభిక్ష దొరికినా చెప్పాల్సిందే అంటుంది. కేసు ఉందా అని మాత్రం అడగదు. కాబట్టి నిన్ను అరెస్టు చేశారా లేదా అన్నది తేలాలి. అప్పట్లో ఇలాంటి సెక్షన్లకు పోలీసులు చాలాసార్లు సీఆర్‌పీసీ 41ఏ నోటీసు (విచారణకు రమ్మనే కాగితం) ఇచ్చి పంపేసేవాళ్లు, అది అరెస్టు కాదు. స్టేషన్ బెయిల్ అంటే మాత్రం అరెస్టు చూపించి పూచీకత్తు మీద వదిలారన్నమాట. జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా చార్జిషీట్ తెప్పించు. అందులో నిందితుల వివరాల దగ్గర అరెస్టు తేదీ, బెయిల్ తేదీ అని ఉంటాయి. నీ పేరు దగ్గర తేదీ ఉంటే ‘యస్’ పెట్టి, ఏ సంవత్సరం, ఏ సెక్షన్లు, ఏ కోర్టు, ఎలా ముగిసింది అని కింద నాలుగు లైన్లు రాయి. లేకపోతే ఆ కాగితం ఒకసారి లాయర్‌కు చూపించి ‘నో’ పెట్టు.

ఇంకోటి, ఇదే నాకు ఎక్కువ దిగులుగా ఉంది. నీ కెనడా స్టడీ పర్మిట్ ఫారంలో ప్రశ్న ఇంకా వెడల్పు. ఏ దేశంలోనైనా నేరం చేశావా, అరెస్టయ్యావా, అభియోగం పడిందా, శిక్ష పడిందా అన్నీ కలిపి అడుగుతారు. నీ మీద చార్జిషీట్ పడింది కాబట్టి అక్కడ ‘యస్’ ఉండాలి. ఆ ఫారం ఎవరు నింపారు? ఈ రోజే తెరిచి చూడు.

రాయచోటి అన్న, కువైట్:

కేసు ఇంకా నడుస్తున్నవాళ్లు కూడా ఇది చదువుతుంటారని రాస్తున్నా. మాకు పని వీసాకు పోలీస్ క్లియరెన్స్ కావాలి, కేసు తేలకుండా అది చేతికి రావడం కష్టం. పాస్‌పోర్ట్‌కైతే దారి ఉంది. 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇస్తారు. ఎన్నేళ్లకో ఆర్డరులో రాయకపోతే ఒక్క ఏడాదికే వస్తుంది. అందుకే పిటిషన్‌లోనే గడువు అడగమని వకీలుకు చెప్పండి.

పొద్దుటూరు తమ్ముడు:

అన్నా, ఫారం చూశాను. ‘నో’ అని ఉంది. కన్సల్టెన్సీ వాళ్లు నన్ను అడగనే లేదు. చేతులు వణుకుతున్నాయి.

కడప అన్న:

ఇంత త్వరగా చూసి చెప్పావు, మంచి పని చేశావు. అమెరికా ఫారం ఇప్పుడు ముట్టుకోవద్దు. ముందు ఇక్కడి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవాలి. సంతకం నీదైతే బాధ్యతా నీదే అంటారు, అది నిజం. కానీ మనంతట మనం వెళ్లి చెప్పడానికీ, వాళ్లు పట్టుకున్నాక చెప్పడానికీ చాలా తేడా ఉంటుంది. ఎప్పుడు, ఎలా చెప్పాలో లాయరే రాయాలి, నువ్వు సొంతంగా ఈమెయిల్ పెట్టొద్దు. ఇండియన్ స్టోర్ పక్కన బోర్డు కట్టిన ప్రతివాళ్లూ సలహాదారులు కారు. లాయర్ కాకపోతే ఆర్‌సీఐసీ (కెనడాలో లైసెన్సున్న ఇమ్మిగ్రేషన్ సలహాదారు) లైసెన్స్ నంబరు అడుగు.

కాగితాలకు మీ నాయన చాలు. ఆయన కూడా ఆ కేసులో ఉన్నారు కాబట్టి తన పేరు మీదే సర్టిఫైడ్ కాపీలకు అప్లికేషన్ పెట్టుకోవచ్చు. ఈకోర్ట్స్ యాప్‌లో సీసీ నంబరు (కోర్టు ఇచ్చిన కేసు నంబరు) చూసి ఆయనకు పంపు. ఎఫ్ఐఆర్, చార్జిషీట్, లోక్ అదాలత్ అవార్డు, రాజీ మీద కోర్టు ఆర్డరు, అన్నీ తీయించు. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిష్ అనువాదం బయటివాళ్లతో చేయించాలి, ఇంట్లోవాళ్లు చేస్తే కెనడా వాళ్లు ఒప్పుకోరు.

పెళ్లి సంగతి అత్తకు నెమ్మదిగా చెప్పు, అర్థం చేసుకుంటారు. శనివారం నాకు సెలవు. లాయర్ దగ్గరికి ఒక్కడివే పోవద్దు, నేను వస్తాను.