స్కిజోఫ్రీనియా ఉన్న ఇంట్లో షుగర్: మాత్రల వల్లా, వంశం వల్లా?

గుణుపురం కౌన్సెలర్ (ప్రశ్న)

ఒడిశాలోని మా రాయగడ జిల్లా పల్లెల్లో ఇదే మాట: "మాత్రలు మొదలెట్టాకే మావాడికి పొట్టొచ్చింది, షుగరొచ్చింది, ఇంక మానిపించేస్తాం." తీరా చూస్తే అదే ఇంట్లో, ఆ మాత్రల వాసనే తెలియని తల్లికో మేనమామకో కూడా షుగర్ ఉంటోంది. స్కిజోఫ్రీనియాకీ (లేని మాటలు వినబడే, భ్రమలు పడే మనోవ్యాధి) షుగర్‌కీ ముందే చుట్టరికం ఉందా? ఇంట్లో మిగతావాళ్లకి ఏ పరీక్షలు చేయించాలి? మన వైపు సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే వంశపు జబ్బు) ఎక్కువ కదా, హెచ్‌బీఏ1సీని (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) నమ్మొచ్చా?

బరంపురం ఓపీ

చుట్టరికం పాతదే. మతి చలించినవాళ్ల కుటుంబాల్లో మధుమేహం తరచూ కనిపిస్తుందని బ్రిటిష్ మానసిక వైద్యుడు హెన్రీ మాడ్‌స్లీ 1879లోనే రాశాడు. స్కిజోఫ్రీనియాకి వాడే ఈ జాతి మందుల్లో మొదటిదైన క్లోర్‌ప్రొమజీన్ వాడకంలోకి వచ్చింది ఆ తర్వాతెప్పుడో, 1952లో. ఇప్పటి అధ్యయనాల్లోనూ, ఇంకా ఒక్క మాత్రయినా వేసుకోని కొత్త రోగుల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం అదే వయసువాళ్లలో కన్నా ఎక్కువగా తేలింది. జబ్బు లేని తోబుట్టువుల్లో, తల్లిదండ్రుల్లో కూడా షుగర్ సగటు కన్నా ఎక్కువే.

అలాగని రెండింటికీ ఒకటే జన్యువు అనుకోకండి. స్కిజోఫ్రీనియా జన్యు ముప్పు ఉన్నవాళ్లు సగటున కాస్త బక్కగా ఉండే వైపే మొగ్గుతారు. తల్లి కడుపులో ఉన్నప్పటి తిండి ఇంకో దారి. 1944-45 డచ్ కరువులో గర్భం తొలి నెలల్లో పస్తులు పడిన తల్లుల పిల్లల్లో స్కిజోఫ్రీనియా దాదాపు రెట్టింపయింది. ఆ కరువులో తల్లి కడుపులో ఉన్నవాళ్లకి పెద్దయ్యాక గ్లూకోజ్‌ను తట్టుకునే శక్తి కూడా తగ్గింది. గర్భిణి తిండి గురించి ఆశా దిదీలు పెట్టే పోరు ఊరికే కాదు.

అంకెలు కావాలంటే: జనంలో స్కిజోఫ్రీనియా నూటికి ఒకరికి అటూ ఇటూ. తోబుట్టువుకో, తల్లిదండ్రుల్లో ఒకరికో ఉంటే నూటికి పది దరిదాపు. అంటే తొంభైమందికి రాదు. పెళ్లి సంబంధాల దగ్గర ఈ తొంభై సంగతి ఎవరూ ఎత్తరు.

మందు చేసేది, ఉన్న ముప్పు మీద ఇంకో బరువు పెట్టడం. ఒలాంజపిన్, క్లోజపిన్‌లతో బరువు అన్నిటికన్నా ఎక్కువ పెరుగుతుంది. రిస్పెరిడోన్, క్వెటియాపిన్ మధ్యస్తం. అరిపిప్రజోల్, లురాసిడోన్ తక్కువ. అందుకే మొదటి ఓపీ చీటీ మీదే "తల్లికి షుగర్" అని రాయించండి, డాక్టరు ఎంపిక అక్కడే మారొచ్చు.

పర్లాకిమిడి ల్యాబ్

హెచ్‌బీఏ1సీ సంగతి. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో ఎర్రకణాలు తొందరగా చచ్చిపోతాయి, చక్కెర పట్టే వ్యవధి ఉండదు. అసలు షుగర్ ఎక్కువున్నా అంకె తక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపంలో దానికి ఎదురు, అంకె పైకి పోతుంది. సికిల్ వాహకులకైతే (జబ్బు లేకుండా ఆ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లకి) ఏ పద్ధతి యంత్రం అన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి మన జిల్లాల్లో రక్తంలో గ్లూకోజే చూడండి.

పరగడుపున 100 నుంచి 125 వస్తే హద్దు మీద ఉన్నట్టు, 126 నుంచి షుగర్. ఈ కుటుంబాల్లో పరగడుపు అంకె బాగానే ఉండి గ్లూకోజ్ తాగించాక తేడా బయటపడడం మామూలే, అందుకే వీలైతే 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించండి. 250-300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి అయిదు నిమిషాల్లో తాగాలి, రెండు గంటలకి రక్తం తీయాలి. 140 నుంచి 199 హద్దు, 200 నుంచి షుగర్. పాడయ్యేది ఎక్కడంటే: బస్సెక్కే ముందు "ఒక్క గుక్క టీ", ఆ రెండు గంటల్లో బీడీ, బజారు తిరుగుడు. ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు.

నడుం కొలిచే టేపు లుంగీ ముడి మీద పెడితే లెక్క కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్య, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు మన హద్దు.

మందుల కొట్టు

కొత్త మందు మొదలెట్టే రోజున బరువు, నడుం, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్. బరువు మళ్లీ 4, 8, 12 వారాలకి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. మిగతావి 12 వారాలకి, తర్వాత ఏడాదికోసారి. మొదటిరోజు అంకె లేకపోతే ఆ తర్వాత మందు తప్పో వంశం తప్పో తేలదు, గుణుపురం వారి గొడవంతా అదే. మొదటి బరువులో నూటికి అయిదు పెరిగితే, అంటే 60 కిలోల మనిషి 63 అయితే, మార్పు గురించి అడగాలి. మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) కలుపుతారేమో అడగండి. సాధారణంగా 500 మిల్లీగ్రాములతో, భోజనం తర్వాత మొదలెడతారు, ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూసి.

లురాసిడోన్‌ని ఖాళీ కడుపున వేస్తే సగమే ఒంటపడుతుంది, నిండు భోజనంతో వేయాలి.

చుట్ట, బీడీ పొగ క్లోజపిన్, ఒలాంజపిన్‌లని లివర్‌లో తొందరగా అరగదీస్తుంది. అడ్డచుట్టయినా పొగ పొగే. ఆసుపత్రిలో చేరి పొగ ఒక్కసారిగా మానేస్తే మందు మోతాదు రక్తంలో ఎగబాకి మగత, చొంగ, క్లోజపిన్‌తో ఫిట్స్ దాకా పోవచ్చు. కాబట్టి పొగ మానే ముందే డాక్టరుకి చెప్పండి. ఖైనీకి పొగ లేదు, ఈ ప్రభావం ఉండదు (మంచిదని కాదు).

గుణుపురం కౌన్సెలర్

పఖాళ (నీళ్లలో నానేసిన అన్నం) తింటే షుగర్ పెరగదని ఊళ్లో నమ్మకం. చోడి (రాగి) అంబలి సంగతేంటి?

బరంపురం ఓపీ

పఖాళ అన్నమే కదండీ, నీళ్లు పోసినంత మాత్రాన పిండిపదార్థం పోదు. అంబలి అయినా గిన్నె కొలత ఉండాలి, చోడిపిండి మెత్తగా పలచగా కాచితే తొందరగా అరిగి షుగర్ లేపుతుంది. ఒలాంజపిన్ ఆకలి రాత్రి పదింటికి లేస్తుంది. ఆ వేళకి ఉడికించిన ఉలవలో, వేయించిన శనగలో అందేలా పెట్టి, కూల్‌డ్రింకు సీసా ఇంట్లో లేకుండా చూడమనండి. మందు మాత్రం ఎవరంతట వాళ్లు ఆపకూడదు. మార్చాలంటే కొన్ని వారాల మీద ఒకటి తగ్గిస్తూ ఇంకొకటి పెంచుతారు. డాక్టరు దొరకని రోజుల్లో టెలి మానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ సాయం) 14416 ఉంది.