ప్రాజెక్టు ఓవర్‌హెడ్ డబ్బు డిపార్ట్‌మెంట్‌కి రావాలా, యూనివర్సిటీ ఖాతాలోనే ఉండాలా?

కెమిస్ట్రీ_మాస్టారు:
మాది రాష్ట్ర యూనివర్సిటీ. ఢిల్లీ నుంచి పరిశోధన ప్రాజెక్టు తెచ్చుకున్నాను. అందులో ఓవర్‌హెడ్, అంటే సంస్థ నిర్వహణ ఖర్చుల కింద ఇచ్చే వాటా, 10 శాతం యూనివర్సిటీ ఖాతాలో పడింది. సగం డిపార్ట్‌మెంట్‌కి ఇవ్వాలని మా దగ్గర రూలుంది. రెండేళ్లయింది, పైసా రాలేదు. ల్యాబులో విషవాయువుల్ని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ మోటారు కాలిపోతే ఎలక్ట్రీషియన్‌కి నా జేబులోంచే ఇచ్చాను. ఆ డబ్బు ఎవరిదండీ?

పాత_లెడ్జర్:
ఓవర్‌హెడ్ మీ శాఖకి బహుమతి కాదు మాస్టారూ. కరెంటు, నీళ్లు, ఆడిట్, మీ యూసీ (డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం) తయారుచేసే గుమస్తా జీతం, అన్నీ దాంట్లోంచే. పగలూ రాత్రీ నడిచే డీప్ ఫ్రీజర్ బిల్లు ఎవరు కట్టాలి?

కెమిస్ట్రీ_మాస్టారు:
ఆ ఫ్రీజర్ బయోకెమిస్ట్రీ వాళ్లది. ముందు అడ్మిన్ బిల్డింగ్‌లో ఏసీలు ఎన్నున్నాయో చెప్పండి.

పాత_లెడ్జర్:
మధ్యలో ఏసీలెందుకు?

కెమిస్ట్రీ_మాస్టారు:
కరెంటు సంగతి ఎత్తింది మీరే.

చిరుజల్లు:
ఇక ఏసీలు లెక్కపెట్టుకోండి.

టెక్సాస్_నుంచి:
ఇక్కడ పెద్ద యూనివర్సిటీలకి ఈ ఓవర్‌హెడ్ 50 శాతం పైనే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో ఇక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ దాన్ని 15 శాతానికి కోసేస్తామంటే రాష్ట్రాలూ యూనివర్సిటీలూ కోర్టుకెళ్లి ఆపించాయి. పైగా ఇక్కడ చాలామంది ప్రొఫెసర్లకి జీతం తొమ్మిది నెలలకే, వేసవి జీతం గ్రాంటులోంచి తెచ్చుకోవాలి. మీకు ఏడాది పొడుగునా వస్తుంది కదా, ఇంకేం బాధ?

కెమిస్ట్రీ_మాస్టారు:
నాకు ప్రాజెక్టులోంచి రూపాయి జీతం రాదు బాబూ. పరికరాలకి, కెమికల్స్‌కి, జేఆర్‌ఎఫ్‌కి (ప్రాజెక్టులో ఫెలోషిప్ మీద పనిచేసే పరిశోధక విద్యార్థికి), అంతే. నాకు మిగిలేవి ప్రమోషన్ పాయింట్లు. యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో 10 లక్షలు దాటిన ప్రాజెక్టు పూర్తిచేస్తే 10 పాయింట్లు. జేఆర్‌ఎఫ్‌కి నెలకి 37,000 అని 2023 నుంచి కాగితం మీద ఉంది. మా కుర్రాడికి ఐదు నెలలు రాలేదు, మెస్ బిల్లు నేనే సర్దాను. కారణం? యూసీ వెళ్లలేదని రెండో విడత ప్రాజెక్టు డబ్బు ఆగింది. యూసీ ఎవరి టేబుల్ మీద పడుందో అడగండి ఈ లెడ్జర్ గారిని!

పాత_లెడ్జర్:
ఒరిజినల్ బిల్లులు ఇవ్వకుండా జిరాక్సులు పంపి, మార్చి నెలాఖర్లో వచ్చి సంతకం పెట్టమంటే యూసీ ఎలా వెళ్తుంది? ఫైనాన్స్ సెక్షన్‌లోనే రిటైరయ్యాను, నాకు చెప్పకండి. నిజం కావాలా? ప్రభుత్వం గంపగుత్తగా ఇచ్చే బ్లాక్ గ్రాంట్ జీతాలకీ పెన్షన్లకీ సరిపోదు. ఒకటో తారీఖు దగ్గర పడితే ఏ ఖాతాలో ఎంతుందా అని వెతికేవాళ్లం. మీ ఓవర్‌హెడ్ అటే పోయింది. నా పెన్షన్‌లో కూడా కొంత ఉండే ఉంటుంది. తిట్టుకోండి.

కెమిస్ట్రీ_మాస్టారు:
మరి ఇందాకటి దాకా కరెంటు బిల్లని ఎందుకు చెప్పారు?

తెలుగు_శాఖ:
మాకెవరూ పాతిక లక్షల ప్రాజెక్టు ఇవ్వరు. తెచ్చినవాళ్లకే ఓవర్‌హెడ్ అంటే మా క్లాసు కిటికీ అద్దాలు ఎవరు వేయించాలి? ప్రాజెక్టుల్లేని శాఖలు మూసేయాలా?

కెమిస్ట్రీ_మాస్టారు:
అలా అనలేదండీ. కష్టపడి తెచ్చినవాడికి కొంతైనా దక్కాలన్నాను.

కాంట్రాక్ట్_లెక్చరర్:
కష్టం సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను సార్. మీలాంటివాళ్లు ప్రాజెక్టు మీటింగ్‌కని ఢిల్లీ వెళ్తే ఎమ్మెస్సీ ఆర్గానిక్ క్లాసులు చెప్పేది నాలాంటివాళ్లే. ఖాళీ పోస్టులు నింపరు. నేను ప్రాజెక్టుకి అప్లై చేద్దామంటే రెగ్యులర్ పోస్టు ఉండాలంటారు. పాయింట్లు మీకు, పెన్షన్ లెడ్జర్ గారికి. ఇంతసేపటి నుంచీ మా జీతం మాట ఒక్కరైనా ఎత్తారా?

టెక్సాస్_నుంచి:
ఇక్కడ గ్రాంటులోంచి డబ్బు కట్టి ఒక కోర్సు తగ్గించుకోవచ్చు. ఆ డబ్బుతో ఇంకొకరిని పెడతారు.

పాత_లెడ్జర్:
మా దగ్గర అలాంటి హెడ్, అంటే ఖర్చు పద్దు, లేదు. శాంక్షన్ ఆర్డర్‌లో లేని హెడ్ కింద ఖర్చు రాస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరు.

కాంట్రాక్ట్_లెక్చరర్:
పెన్షన్లకి ఏ హెడ్ ఉంది సార్?

పాత_లెడ్జర్:
ఓవర్‌హెడ్ జనరల్ ఫండ్‌లో కలిశాక హెడ్ అడిగేవాడు లేడు.

కాంట్రాక్ట్_లెక్చరర్:
అయితే అందులోంచే మాకూ ఇవ్వొచ్చుగా?

పాత_లెడ్జర్:
ఫైనాన్స్ కమిటీలో పెట్టాలి. ఎవరైనా ప్రొఫెసర్ అడిగితే ఎజెండాలోకి వస్తుంది. ఏం మాస్టారూ, రాస్తారా కాగితం?

కెమిస్ట్రీ_మాస్టారు:
ముందు మా సగం రానివ్వండి.