లోపల మెట్టున్న 9 ఎంఎం కేసులు: మళ్లీ నింపాలా, తుక్కులో వేయాలా?

నకిరేకల్ తమ్ముడు (ప్రస్తుతం డల్లాస్ దగ్గర):

అందరికీ నమస్కారం. మాది నకిరేకల్ దగ్గర పల్లె, ఆరేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నా. శనివారాలు రేంజికి వెళ్లి పిస్టల్ కాల్చడం అలవాటైంది. కొత్త తూటాల ఖర్చు తట్టుకోలేక రెండేళ్ల నుంచి కాల్చిన ఖాళీ ఇత్తడి కేసుల్లో ప్రైమర్ (అడుగున ఉండి మందును అంటించే చిన్న మూత) మార్చి, మందు పోసి, కొత్త బుల్లెట్ బిగించి వాడుతున్నా. ఇక్కడ ఇది ఇంట్లో ఆవకాయ పెట్టుకున్నంత మామూలు.

మొన్న రేంజి నేల మీద ఏరినవి ఒక బకెట్ దొరికాయి. తూస్తే ఎనిమిది కిలోలు, అంటే రెండు వేల పైచిలుకు కేసులు. కడిగి ఆరబెట్టి టార్చి వేసి చూస్తుంటే, ఒక నూటయాభై కేసుల్లో గోడ మధ్యలో చుట్టూ ఒక మెట్టు కనబడింది. మెట్టు కింద గోడ దళసరిగా ఉంది, పైన పల్చగా ఉంది. బుల్లెట్ లోపలికి జారిపోకుండా అలా చేశారని కొందరంటారు. ఇలాంటివి ఒక నలభై ఇదివరకే చూసుకోకుండా నింపి కాల్చాను. ఏమీ కాలేదు.

మా బావకు నల్లగొండలో లేత్ మిషన్ షాపుంది. వీడియో కాల్‌లో చూపిస్తే "తుపాకుల సంగతి నాకు తెలియదు గానీ ఇత్తడి సంగతి తెలుసు, పారెయ్యి" అన్నాడు. రేంజిలో నా మిత్రుడేమో మెట్టు దగ్గర కేసు తెగుతుందన్నది ఉత్త భయం అంటాడు. రెండు రోజులుగా ఇదే టెన్షన్. ఎవరి మాట వినాలి?

ఫ్రిస్కో మిర్యాల:

తమ్మీ, మీ బావ తిప్పేది బోరు మోటార్ల షాఫ్టులు. ఆయన మాట మీద నూటయాభై కేసులు పారేస్తావా?

నేను మెట్టు కేసులు మూడు వందలకు పైగా నింపి కాల్చాను. ఒక్కటీ తెగలేదు. ఎఫ్‌ఎం, మాక్స్‌టెక్, ఆమోలోడ్ అని కేసు అడుగున కంపెనీ ముద్ర కనబడగానే ఇక్కడి రీలోడర్లు (మనలా తూటాలు మళ్లీ నింపుకునేవాళ్లు) పాము కనబడ్డట్టు అరుస్తారు. అదే ముద్రతో మెట్టు లేని కేసులూ దొరుకుతాయి. కాబట్టి ముద్ర చూసి తీర్పు చెప్పేవాళ్లని నమ్మకు. ఇంకో మాట. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తూటా అదే కేసులో పూర్తి ఒత్తిడితో పేలింది కదా? అప్పుడు తట్టుకున్న కేసు, మనం దానికన్నా తక్కువ మందు పోస్తే ఎందుకు తట్టుకోదు? తేలిక లోడు వేయి, ఒక్కసారి వాడి వదిలెయ్యి.

కంచరి మనవడు (నారాయణపేట):

ఫ్రిస్కో అన్నా, మీ చివరి ప్రశ్న మంచిది. మొదటిసారి తట్టుకున్నది రెండోసారి ఎందుకు తట్టుకోదు? దీనికి జవాబు మా తాత కొలిమి దగ్గరే ఉంది.

మా తాత కంచరి. బిందెలు, గుండిగలు కొట్టేవాడు. నేను మెటలర్జీ చదువుకున్నా గానీ, ఇత్తడి గురించి మొదట తెలుసుకున్నది ఆయన దగ్గరే. సుత్తి దెబ్బ తిన్నకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది, గట్టిపడ్డకొద్దీ పెళుసవుతుంది. అందుకే ఆయన నాలుగు వరసలు కొట్టాక కొలిమిలో కాల్చి, మెత్తబడ్డాక మళ్లీ కొట్టేవాడు. తొందరపడి కాల్చకుండా కొడితే అంచు పగిలేది. అప్పుడు తిట్లు మాకే.

తూటా కేసు ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పేలినప్పుడు అది ఉబ్బి ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే అర) గోడకు అతుక్కుంటుంది. తర్వాత మీరు దాన్ని డైలో (ఉక్కు అచ్చులో) పెట్టి నొక్కి పాత కొలతకు తెస్తారు. ఉబ్బడం ఒక దెబ్బ, నొక్కడం ఇంకో దెబ్బ. మధ్యలో కొలిమి లేదు. మామూలు పిస్టల్ కేసులో ఈ అలసట మూతి దగ్గర బయటపడుతుంది, నిలువునా చిన్న చీలిక వస్తుంది. అది కంటికి కనబడుతుంది కాబట్టి పారేస్తారు.

మెట్టున్న కేసులో గోడ మందం ఒక్కసారిగా మారుతుంది. దళసరి భాగం కదలదు, పల్చటి భాగం సాగుతుంది. సాగేదీ సాగనిదీ కలిసే గీత మీదే భారమంతా పడుతుంది. రేకును ఒకే చోట అటూ ఇటూ వంచితే ఎక్కడ తెగుతుందో మీకు తెలుసు. పైగా ఆ గీత లోపల ఉంది. బయట నుంచి చూస్తే కేసు బంగారంలా మెరుస్తూనే ఉంటుంది.

9 ఎంఎంకు అమెరికా ప్రమాణాల ప్రకారం గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). కారు టైరులో మనం కొట్టించే గాలి 33 దగ్గర. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించండి.

కొలిమి మాట ఎత్తాను కదా అని ఎవరూ పిస్టల్ కేసులను మంట మీద పెట్టకండి. కేసు అడుగు గట్టిగా ఉండాలి. అది మెత్తబడితే మెట్టు సమస్య కన్నా పెద్ద సమస్య వస్తుంది.

పాత ఆర్మరర్ (నల్లగొండ, రిటైర్డ్):

నేను ఆర్మరర్‌ను, అంటే తుపాకులు బాగుచేసేవాణ్ని. కంచరి మనవడు చెప్పింది నేను కళ్లారా చూశాను, కాకపోతే .303 రైఫిల్లో. కేసు రెండు ముక్కలయ్యేది. అడుగు బయటికి వచ్చేది, పై గొట్టం ఛాంబర్లో ఉండిపోయేది. తర్వాతి తూటా సగం దూరి ఇరుక్కునేది. ఆ గొట్టాన్ని లాగడానికని ప్రత్యేకంగా ఒక పనిముట్టు ఉండేది. ఒక జబ్బుకు మందు పెట్టెలో పెట్టి ఇచ్చారంటే ఆ జబ్బు అరుదైనది కాదని అర్థం.

అక్కడ కేసు అడుగుకు దగ్గర సాగి తెగేది, ఈ 9 ఎంఎం కథలో మధ్యలో మెట్టు దగ్గర. కారణాలు వేరు, ఛాంబర్లో మిగిలేది మాత్రం ఒకటే. చాలాసార్లు మనిషికి ఏమీ కాదు, తుపాకీ మొరాయిస్తుంది అంతే. కానీ వేడి గ్యాసు ఎటు తన్నుకొస్తుందో ముందు చెప్పలేం. కళ్లద్దాలు లేకుండా కాల్చేవాళ్లు ఇది చదివి పెట్టుకోవాలి.

మాకు డిపార్ట్‌మెంట్‌లో మళ్లీ నింపిన తూటాలు ఎన్నడూ ఇవ్వలేదు. ఫైరింగ్ ప్రాక్టీసు అయ్యాక ఎంప్టీలన్నీ ఏరి, లెక్కపెట్టి జమ చేయాలి. ఒక్కటి తక్కువైతే సాయంత్రం దాకా గడ్డిలో మోకాళ్ల మీద వెతికేవాళ్లం.

దేవరకొండ రైతు బిడ్డ:

పెద్దలకు ఒక ప్రశ్న. మా నాన్నకు .32 రివాల్వర్ లైసెన్స్ ఉంది. కేఎఫ్ అని ముద్ర ఉన్న ఖాళీ కేసులు డబ్బాలో ఓ పాతిక దాకా ఉన్నాయి. తూటా ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఆ .32 లోడుకు ఒత్తిడి చాలా తక్కువని చదివాను, లోపల మెట్లూ లేవు. మరి వీటిని నింపుకోవచ్చా? మా తాత కాలంలో పన్నెండు బోరు కాగితం తోటాలు ఊళ్లోనే నింపేవాళ్లట.

పాలమూరు వకీలు:

మీరు కేసంటే ఇత్తడి కేసు. నేను కేసంటే కోర్టు కేసు. మీ ప్రశ్నలో మొదటిది రెండోది అయ్యే అవకాశం చాలా ఉంది.

ఒత్తిడి తక్కువన్న మాట నిజమే, .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్‌కు గరిష్ఠం 15,000 పీఎస్‌ఐ. కేఎఫ్ అంటే పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీ ముద్ర, మెట్టు లేని మంచి కేసే కావచ్చు. కానీ మన దేశంలో ఆ ప్రశ్న దాకా వెళ్లనే అక్కర్లేదు. ఆయుధాల చట్టం, 1959లో సెక్షన్ 5 ప్రకారం తూటాలు తయారు చేయడానికి వేరే లైసెన్స్ కావాలి. మీ నాన్న దగ్గరున్నది ఆయుధం పెట్టుకునే లైసెన్స్, తూటా తయారుచేసేది కాదు. తూటా విడి భాగాలు, తూటా తయారీ యంత్రాలు కూడా ఆ చట్టం నిర్వచనంలో తూటా కిందికే వస్తాయి. 2019 సవరణ తర్వాత అనుమతి లేని తయారీకి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. తాత కాలం సంగతి తాతతోనే పోయింది.

అమెరికా తమ్ముళ్లకు కూడా ఒక మాట. సెలవులకు ఊరికొచ్చే ముందు రేంజి బ్యాగు, మీరు తెచ్చే బ్యాగు ఒకటే అయితే అరలన్నీ దులపండి. శంషాబాద్‌లో స్కానర్ కింద ఒక తూటా కనబడితే చాలు, పెళ్లికి వచ్చినవాడు స్టేషన్‌లో కూర్చోవాలి. ఉత్త ఎంప్టీ అయినా సంజాయిషీ చెప్పుకునేసరికి ముహూర్తం దాటిపోతుంది.

దేవరకొండ రైతు బిడ్డ:

అర్థమైంది వకీలు సాబ్. డబ్బా మూత పెట్టేశాను.

ఫ్రిస్కో మిర్యాల:

చర్చ చట్టం వైపు పోయింది. ఇక్కడ మాకది చట్టబద్ధమే కాబట్టి మళ్లీ ఇత్తడి దగ్గరికి వద్దాం. కంచరి తమ్ముడి సిద్ధాంతం బాగుంది, కానీ నా మూడు వందల తూటాల సంగతేంటి? అది లెక్క కాదా?

లేత్ బావ (నల్లగొండ):

నేనే ఆ బావను. బామ్మర్ది లింకు పంపాడు. ఫ్రిస్కో గారూ, నేను షాఫ్టులు తిప్పేది నిజమే. షాఫ్టులో కూడా మెట్టు ఉంటుంది. ఆ మూల దగ్గర గుండ్రంగా వంపు ఇవ్వకుండా పదునుగా వదిలేస్తే షాఫ్టు ఎప్పుడు విరిగినా అక్కడే విరుగుతుంది. ముప్ఫై ఏళ్లలో విరిగి నా దగ్గరికొచ్చిన షాఫ్టులు ఎక్కువ భాగం అలాంటివే. అవన్నీ విరిగే ముందు రోజు దాకా బాగానే తిరిగినవే సార్.

మీ మూడు వందలు లెక్కే. అవి తెగలేదు. నా ప్రశ్న ఒకటే. తెగబోయే కేసును తెగకముందు మీరు ఎలా పట్టుకుంటారు?

ఫ్రిస్కో మిర్యాల:

సన్నటి తీగ చివర కొంచెం వంచి, లోపల గోడ వెంట పైకి లాగి చూస్తాం. పగులు మొదలైతే గాడి తగులుతుంది. రైఫిల్ కేసులకు అందరూ చేసే పరీక్షే.

కంచరి మనవడు (నారాయణపేట):

అన్నా, అక్కడే దొరికిపోయారు. మెట్టు కేసులో తీగ ప్రతిసారీ మెట్టుకే తగులుతుంది. తగిలింది మెట్టా, పగులా అని వేలికి ఎలా తెలుస్తుంది? అన్నిటికన్నా ఎక్కువ పరీక్ష కావలసిన కేసులోనే ఆ పరీక్ష పనికిరాదు.

ఇంకోటి, మీరు "తక్కువ మందు" అన్నారు. ఏ కేసుతో పోల్చి తక్కువ? మెట్టు లోపలి చోటును తినేస్తుంది. అదే మందు ఇరుకు చోట పేలితే ఒత్తిడి పెరుగుతుంది. కాల్చిన ప్రైమర్ తీయకుండా మామూలు కేసులో ఒకసారి, మెట్టు కేసులో ఒకసారి మూతి దాకా నీళ్లు పోసి తూచి చూడండి.

మూసీ ఒడ్డు:

మధ్యలో వస్తున్నా. నా దగ్గర .40 కేసులున్నాయి, గ్లాక్ పిస్టల్‌లో కాల్చినవి. అడుగు దగ్గర ఒకవైపు పొట్ట వచ్చింది. డై గుండా తోస్తే పొట్ట పోతోంది. వీటి సంగతి?

లేత్ బావ (నల్లగొండ):

బిందె సొట్ట తీస్తే బిందె నున్నగా కనబడుతుంది, ఆ చోట రేకు మాత్రం మునుపటిలా ఉండదు. మిగతాది ఆర్మరర్ గారు చెప్పాలి.

పాత ఆర్మరర్ (నల్లగొండ, రిటైర్డ్):

పాత .40 గ్లాక్‌లలో తూటా లోపలికి ఎక్కే వాలు దగ్గర ఛాంబర్ కేసును పూర్తిగా పట్టుకోదు. ఆనుడు లేని చోట ఉబ్బుతుంది. కొద్ది ఉబ్బు అయితే సరిచేసి వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. చేతికి గట్టిగా తగిలే పొట్టయితే నేను ముట్టను. ముఖ్యంగా సరిచేసిన కేసు మళ్లీ అదే తుపాకీలోకి పోయి, బలహీనమైన వైపే మళ్లీ ఆ వాలు మీద పడితే? ఏ వైపు పడుతుందో ఎవరు చూస్తారు?

కంచరి మనవడు (నారాయణపేట):

కడగడం గురించి ఎవరూ అడగలేదు గానీ చెబుతా, ఆగలేను. అమోనియా ఉన్న పాలిష్‌లు వాడకండి. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటాలు ముట్టుకోకుండానే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా వల్ల అలా జరిగిందని 1921లో తేల్చారు. మన ఇళ్లలో లాగా చింతపండుతో తోమితే ముద్దుగా మెరుస్తాయి, కానీ రాత్రంతా పులుసులో వదిలేయొద్దు. జింకు కరిగిపోయి ఇత్తడి ఎర్రబడుతుంది. ఎర్రబడ్డ చోట బలం ఉండదు.

నకిరేకల్ తమ్ముడు (ప్రస్తుతం డల్లాస్ దగ్గర):

నిన్న రాత్రి కూర్చుని, ఇదివరకు నేను నింపి కాల్చిన మెట్టు కేసుల్లో ఐదింటిని హాక్సాతో నిలువునా కోశాను. మూడింట్లో ఏమీ లేదు. నాలుగోదాంట్లో మెట్టు మూల వెంట సన్నటి మెరిసే గీత. ఐదోదాంట్లో ఆ గీత గోరుకు తగిలింది, సుమారు పావు చుట్టు. కోయకముందు ఐదూ ఒకేలా ఉన్నాయి, తీగతో తడిమినప్పుడు ఐదింటికీ మెట్టే తగిలింది. ఫోటో చూసి బావ ఏమీ అనలేదు, "అక్కకు చెప్పకు" అన్నాడంతే.

పాత కేసు ఒక్కోటి ఇక్కడ కొన్ని సెంట్లు చేస్తుంది. నూటయాభై అంటే ఒక బిర్యానీ ఖర్చు. తుక్కులో వేస్తున్నా.

ఫ్రిస్కో మిర్యాల:

ఐదింట్లో ఒకటి, అదీ పావు చుట్టు పగులు. తెగలేదు కదా. నేను ఇప్పటికీ తేలిక లోడుతో ఒక్కసారికి ఫరవాలేదనే అంటాను. నీకు వద్దంటే నాకివ్వు తమ్మీ, శనివారం వచ్చి తీసుకుంటా.

నకిరేకల్ తమ్ముడు (ప్రస్తుతం డల్లాస్ దగ్గర):

అన్నా, ఏమీ అనుకోకు. నువ్వు అడుగుతావని తెలిసే పొద్దున్నే కటింగ్ ప్లేయర్‌తో అన్నిటి మూతులూ నొక్కేశాను. శనివారం మాత్రం రా, బిర్యానీ నాది.