లేక్ మిషిగన్‌లో ట్రోలింగ్: చిన్న బోటుకి డౌన్‌రిగ్గర్ బిగించవచ్చా?

అన్నలూ, ఇక్కడ ట్రోలింగ్ చేసి, అంటే కదిలే బోటు వెనక ఎర లాగుతూ, సాల్మన్ చేపలు పట్టేవాళ్లు ఎవరైనా ఉంటే డౌన్‌రిగ్గర్ (బరువైన బంతిని కేబుల్‌తో దించి ఎరని లోతుకి తీసుకెళ్లే పరికరం) గురించి కాస్త సలహా ఇవ్వండి.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని మస్కీగన్ నుంచి సరస్సులోకి వెళ్తాం, నేనూ మా బావమరిదీ. 16 అడుగుల అల్యూమినియం బోటు. వసంతంలో చేపలు పైపైనే తిరుగుతాయి కాబట్టి ఇబ్బంది లేదు. తంటా అంతా ఆగస్టులోనే. పైన నీళ్లు వేడెక్కగానే కింగ్ సాల్మన్ చల్లటి పొర వెతుక్కుంటూ 60, 80 అడుగుల లోతుకి దిగిపోతాయి.

ఇప్పుడు వాడేది డిప్సీ డైవర్ (ఎరని లోతుకి లాగే పళ్లెం లాంటిది), 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైను), వెనక ఆరడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్ (ఎరకి ముందు కట్టే నీళ్లలో కనపడని లైను ముక్క), చివర స్పూను (చెంచా ఆకారపు లోహపు ఎర). బ్రెయిడ్ సాగదు కదా, పెద్ద చేప కొట్టిందంటే లీడర్ ముడి దగ్గరే టప్పున తెగుతోంది. డ్రాగ్, అదే రీలుకుండే బ్రేకు, వదులు చేస్తే డిప్సీ లాగుడుకే లైను జారిపోతుంది, అదో గోల. మధ్యలో సాగి కుదుపుని తగ్గించే రబ్బరు స్నబ్బర్ పెట్టినవాళ్లున్నారా? తేడా నిజంగా తెలుస్తుందా?

లెడ్ కోర్ (లోపల సీసం ఉన్న బరువైన లైను) కూడా ఉంది. పొడవు గుర్తుకి దాని మీద వేసిన పది రంగులూ వదిలినా 50 అడుగుల దగ్గరే ఆగిపోతుంది, పైగా మలుపు తిప్పితే డిప్సీతో పెనవేసుకుంటుంది. అందుకే చేత్తో తిప్పే డౌన్‌రిగ్గర్ ఒకటి చూస్తున్నా. పది పౌండ్ల బంతి వేలాడితే ఇంత పల్చటి బోటు అంచు తట్టుకుంటుందా, లేక అడుగున ప్లేటు వేసి బిగించాలా? పాతది కొంటే ముందు ఏం చూసుకోవాలి, కేబులా, బ్రేకా?

నవంబర్ 15న తుపాకీతో జింకల వేట సీజన్ మొదలు, చలికి బూట్లు కూడా కొనాలి. అందుకని మరీ ఖరీదైనవి చెప్పకండి.