అప్‌డేట్: చీలమండ టీబీలో పాదం పైకి వంగడం గురించి

ప్లాస్టర్ తీశాక పాదం పైకి రావట్లేదని, టీబీ మందులు వాడుతూనే వ్యాయామం చేయొచ్చా అని అడిగాను కదా. వాపు, రాత్రి నొప్పి తగ్గి, ఎక్స్‌రే చూసి డాక్టర్ ఒప్పుకున్నాకే మొదలైంది.

కూర్చుని, అరికాలి ముందు భాగానికి తువ్వాలు వేసి 30 సెకన్లు లాగి పట్టాలి, 3 సార్లు. మోకాలు చాపి ఒక విడత, కాస్త మడిచి ఇంకో విడత. మడిచి చేసేది మానేయొద్దు, పిక్క లోపలి కండరం సాగేది అప్పుడే. పాదం లోపలికి ఒరిగితే మాత్రం చీలమండ అంతగా కదలదు, పాదం మధ్యభాగమే ఎక్కువ వంగుతుంది.

మర్నాటికీ వాపు, వేడి ఉంటే ఆపి చూపించుకోవాలి. పాదాల్లో తిమ్మిరి, మంట వస్తే వ్యాయామం మీద తోసేయకండి, ఐసోనియాజిడ్ అనే టీబీ మందు వల్ల కావచ్చు. విటమిన్ బి6 గురించి డాక్టర్‌ని అడగండి.